పోర్ట్ అన్న చిన్న మాట: అర్థాలనూ మూలాలనూ విడదీసి చూడటం ఎలా

విశాఖపట్నంలో పోర్ట్ అనగానే అందరికీ ఓడరేవే తోస్తుంది. అయితే అదే ఊళ్లో సిమ్‌ను వేరే కంపెనీకి పోర్ట్ పెట్టేవారూ, లాప్‌టాప్‌లో యూఎస్‌బీ పోర్ట్ పాడైందనేవారూ, ఓడ ఎడమ వైపును పోర్ట్ అని పిలిచే నావికులూ ఉన్నారు. ఇంగ్లిషులో ఇలాంటి మాట ఎదురైనప్పుడు, అది అనేక అర్థాలున్న ఒకే మాటా, లేక రూపం కలిసిన వేర్వేరు మాటలా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

ఇందుకు పదమూలాలు ఇచ్చే పెద్ద నిఘంటువు కావాలి. పరీక్షల కోసం కొనే చిన్న నిఘంటువు చాలదు. పెద్ద నిఘంటువులో పోర్ట్ పలుమార్లు విడి ఆరోపంగా, అంటే అర్థాలతో విడిగా ఇచ్చిన మాటగా, కనిపిస్తుంది, ప్రతి దాని పక్కన చిన్న అంకె ఉంటుంది. ఆ అంకె మారితే దాన్ని వేరే మాటగా లెక్కించాలి. ఒకే ఆరోపం కింద అంకెలు వేసి వరుసగా ఇచ్చిన అర్థాలు మాత్రం ఒకే మాట నుంచి చీలిన కొమ్మలు. ఈ రెండు రకాల అంకెలను కలిపేసుకోవడం వల్లనే చాలామంది తికమకపడతారు.

తరువాత మూలాల భాగం చదవాలి. ఇక్కడ మూడు లాటిన్ మాటలు కనిపిస్తాయి: రేవు అనే అర్థంలో పోర్టుస్, ద్వారం అనే అర్థంలో పోర్టా, మోయడం అనే అర్థంలో పోర్టారే. ఓడ గోడకుండే గుండ్రని కిటికీ, కంప్యూటరు పోర్ట్ ద్వారానికి చెందినవి. 2011 జనవరిలో దేశమంతటా అమలులోకి వచ్చిన మొబైల్ నంబర్ పోర్టబిలిటీ మోతకు చెందినది, ఎందుకంటే అక్కడ మనం పాత నంబరును వెంట తీసుకుపోతాం. ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ కూడా మోత కుటుంబానివే. సరుకు రేవు మీదుగా పోతుంది కదా అని వాటిని రేవుకు ముడిపెట్టడం పొరపాటు. పోర్ట్ వైన్‌కు పేరిచ్చింది పోర్చుగల్‌లోని పోర్టో నగరం, ఆ నగరం పేరుకు అర్థం మళ్లీ రేవే.

ఎడమ వైపు అనే అర్థానికి నిఘంటువుతో పాటు పాత ఓడల సంగతి కూడా తెలియాలి. అప్పట్లో నడిపే తెడ్డు కుడి వైపున ఉండేది. స్టార్‌బోర్డ్ అంటే నడిపే వైపు అనే గానీ అందులో నక్షత్రం ఏమీ లేదు. తెడ్డు దెబ్బతినకుండా ఎడమ వైపునే రేవుకు ఆనించేవారు కనుక అది పోర్ట్ అయింది. అంతకుముందు వాడిన లార్‌బోర్డ్, కేక వేసినప్పుడు స్టార్‌బోర్డ్‌లాగే వినబడుతున్నందున, 1844లో బ్రిటిష్ నౌకాదళం దాని స్థానంలో పోర్ట్ అనే వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. ఈ ఎడమ చూసేవారి ఎడమ కాదు, ఓడ ముందుకు తిరిగి నిలబడినవారి ఎడమ. విశాఖలో సముద్రం నుంచి లోపలి హార్బరుకు వచ్చే ఓడకు డాల్ఫిన్స్ నోస్ కొండ పోర్ట్ వైపున ఉంటుంది, తిరిగి వెళ్లేటప్పుడు స్టార్‌బోర్డ్ వైపుకు వస్తుంది. ఓడకు పోర్ట్ వైపున ఎర్ర దీపం, స్టార్‌బోర్డ్ వైపున ఆకుపచ్చ దీపం ఉంటాయి కనుక, కొండకు ఎదురుగా ఉత్తరపు ఒడ్డున రాత్రివేళ నిలబడినవారికి పక్కగా లోపలికి పోయే ఓడ ఆకుపచ్చ దీపమూ, బయటికి పోయే ఓడ ఎర్ర దీపమూ కనిపిస్తాయి.

ఆపైన ఆ మాటకు పుట్టిన పిల్లపదాలను కూడా ఇలాగే పరీక్షించాలి. రైల్వే స్టేషన్లో సామాను మోసే పోర్టరు పోర్టారే నుంచి వచ్చినవాడు. ఇంగ్లండులో కళాశాల గేటు దగ్గర కాపలా ఉండే పోర్టరు పోర్టా నుంచి వచ్చినవాడు.

మొదటి అక్షరాలు కూర్చి చెప్పే కథలను మాత్రం వెంటనే నమ్మకూడదు. దర్జా అనే అర్థమిచ్చే పాష్ అన్న మాట, భారతదేశానికి వచ్చేటప్పుడు పోర్ట్ వైపు, తిరిగి వెళ్లేటప్పుడు స్టార్‌బోర్డ్ వైపు నీడపట్టు గదులు తీసుకున్న దొరల టిక్కెట్ల మీది అక్షరాల (పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్) నుంచి పుట్టిందని ఎంతో ముచ్చటగా చెబుతారు. అలాంటి ముద్ర ఉన్న టిక్కెట్టు ఇంతవరకు ఒక్కటీ బయటపడలేదు.