లీడ్స్‌లో నా థైరాయిడ్ మాత్రల కోసం పడ్డ పాట్లు

తిరుపతి నుంచి తెచ్చుకున్న థైరాయిడ్ మాత్రలు అడుగంటేసరికి టెన్షన్ మొదలైంది. బైరాగిపట్టెడలో అయితే మందుల షాపులో పాత స్ట్రిప్పు చూపిస్తే చాలు. ఇక్కడ డాక్టరు రాస్తే తప్ప ఇవ్వరు.

వీసాతోపాటు ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి కట్టేశాం కాబట్టి డాక్టరు ఫీజు లేదు. కానీ దగ్గర్లోని క్లినిక్‌లో రిసెప్షనిస్టు అడ్రస్ ప్రూఫ్ లేనిదే పేరు ఎక్కించనంది. కరెంటు బిల్లేమో ఓనరు పేరున ఉంది, నేనెక్కడ తెచ్చేది? అడ్రస్ ప్రూఫ్ తప్పనిసరి కాదని ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వాళ్లే రాసింది ఫోన్‌లో చూపించా. లోపలికెళ్లి ఎవరినో అడిగొచ్చి, మారు మాట్లాడకుండా ఫారం చేతికిచ్చింది.

ఈలోగా అమ్మ మా పాత డాక్టరు దగ్గరికెళ్లి వాట్సాప్ పెట్టింది: "బ్రాండు పేరు కాకుండా లివోథైరాక్సిన్ 75 మైక్రోగ్రాములు అని రాయించినానమ్మా. టీఎస్‌హెచ్ రిపోర్టు కూడా పంపించినా, చూసుకో." ఆ కాగితంతోనే పనైంది. ఇక్కడి డాక్టరు ఒక రక్తపరీక్ష చేయించి మాత్రలు రాసేశాడు.

అడిగితే గానీ ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. హైపోథైరాయిడిజానికి, అంటే థైరాయిడ్ గ్రంథి తక్కువగా పనిచేయడానికి, హార్మోను మాత్రలు వాడేవాళ్లకి ఇంగ్లండ్‌లో డాక్టరు రాసిన మందులన్నీ ఉచితం, థైరాయిడ్‌వి మాత్రమే కాదు. ఎఫ్‌పీ92ఏ ఫారం కావాలని క్లినిక్‌లోనే అడగండి. దాంతో వచ్చే ఉచిత మందుల సర్టిఫికెట్ ఐదేళ్లు పనికొస్తుంది.