కతోలిక విచారణలో (పారిష్‌లో) మహిళల సేవా సంఘాన్ని ఎలా ప్రారంభించాలి, ఎలా నడపాలి?

1617 ఆగస్టులో ఒక ఆదివారం, ఫ్రాన్స్ దేశంలో లియోన్ నగరానికి ఉత్తరాన ఉన్న షాటియోన్ అనే చిన్న పట్టణంలో, దివ్యబలిపూజకు (గుడిలో జరిగే ప్రధాన ఆరాధనకు) సిద్ధమవుతున్న విచారణ గురువు దగ్గరికి ఒక స్త్రీ వచ్చి, ఊరికి కొంత దూరంలో ఒక ఇంట్లో అందరూ జబ్బుపడి ఉన్నారని, వారిని చూసుకునే మనిషి ఒక్కరూ లేరని చెప్పింది. ఆ గురువే తరువాతి కాలంలో లోకమంతా గౌరవించిన పునీత విన్సెంట్ డి పాల్. ఆయన తన ప్రసంగంలో ఆ కుటుంబం గురించి చెప్పగా, ఆ పూటే ఆ ఇంటి దారి పొడవునా ఆహారం తీసుకుని వెళ్ళే స్త్రీలూ, ఇచ్చి తిరిగి వచ్చే స్త్రీలూ కనిపించారు. ఆయన దానికి ఎంతో సంతోషించారు. అయితే ఒకేసారి అంత ఆహారం వస్తే అందులో చాలా భాగం పాడైపోతుందని, కొన్నాళ్ళకు ఆ ఇల్లు మళ్ళీ మొదటి స్థితికే వస్తుందని కూడా గ్రహించారు. అందుకే ఆ వారంలోనే కొందరు స్త్రీలను సమావేశపరిచి, రోజుకొకరు వంతు తీసుకునే పద్ధతిని ఏర్పాటు చేశారు. అదే సంవత్సరం డిసెంబరు 8న, నిష్కళంక మాత పండుగనాడు, ఒక లిఖిత నియమావళితో ఆ సంఘం అధికారికంగా మొదలైంది. నేటికీ అనేక దేశాలలో పనిచేస్తున్న కతోలిక మహిళల స్వచ్ఛంద సేవా సంఘాలలో ఒక పెద్ద పాయకు మూలం ఆ చిన్న పట్టణమే.

మా విచారణలో ఒక సోదరికి ఆపరేషన్ జరిగినప్పుడు మొదటి వారం ఒకే మధ్యాహ్నం మూడు ఇళ్ళ నుంచి క్యారియర్లు వచ్చాయి, మూడవ వారానికి ఎవరూ రాలేదు. నేను కూడా మొదటి వారంలో వెళ్ళి, ఆ తరువాత మరచిపోయినవారిలో ఒకదానిని. షాటియోన్ సంగతి చదివినప్పుడు ఆ సోదరి ముఖమే నాకు గుర్తుకు వచ్చింది. మన స్త్రీలలో దయకు కొరత లేదు, ఆ దయ మూడవ వారంలో కూడా ఆ ఇంటి గడప దాకా చేరే ఏర్పాటుకే కొరత ఉంది. ఆ ఏర్పాటును ఎలా చేసుకోవాలో, ఆ పాత నియమావళిని దగ్గర పెట్టుకుని, మన విచారణలకు తగినట్టుగా ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి అడుగు: విచారణ గురువులతో మాట్లాడండి, ఉన్న సంఘాలను తెలుసుకోండి

దాతృత్వ కార్యాల కోసం సంఘాలు స్థాపించుకుని నడుపుకునే స్వేచ్ఛ విశ్వాసులందరికీ ఉందని 1983 నాటి శ్రీసభ (కతోలిక చర్చి) చట్టసంహితలోని 215వ చట్టం చెబుతుంది. అయితే అలాంటి సంఘాలన్నీ శ్రీసభ అధికారుల పర్యవేక్షణకు లోబడి ఉంటాయని 305వ చట్టం, తగిన అధికారి అనుమతి లేకుండా ఏ సంఘమూ తన పేరులో ‘కతోలిక’ అనే మాటను చేర్చుకోరాదని 300వ చట్టం చెబుతున్నాయి. కనుక బ్యానరు రాయించడానికి ముందే ఫాదర్‌గారిని కలిసి, ఎవరికి సేవ చేయదలచుకున్నారో, డబ్బు లెక్కలు ఎలా చూపించదలచుకున్నారో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

మీ విచారణలో పేదల సేవ చేసే విన్సెంట్ డి పాల్ సభ గాని, మరియ సేన (లీజియన్ ఆఫ్ మేరీ) గాని ఉంటే వారితో కలిసి కూర్చోండి. మరియ సేన సభ్యులు ఇద్దరిద్దరుగా ఇళ్ళను దర్శిస్తారు, కానీ వారి నియమం ప్రకారం డబ్బు, వస్తువుల రూపంలో సహాయం చేయరు. ఆ సంగతి తెలియక బియ్యం పంపకం వారికి అప్పగిస్తే వారూ ఇబ్బంది పడతారు, మీరూ నొచ్చుకుంటారు. దర్శనానికి వెళ్ళినప్పుడు వారు గమనించిన అవసరాన్ని, ఆ ఇంటివారి అనుమతితో, మీకు చెప్పేలా ఒప్పందం చేసుకుంటే రెండు సంఘాల పనీ సాఫీగా సాగుతుంది.

రెండవ అడుగు: ప్రార్థనకు సమావేశంలో నిజమైన చోటు ఇవ్వండి

చాలా సమావేశాలలో ప్రార్థన అంటే అందరూ వచ్చేలోపు గడిపే సమయంగా మారిపోయింది. దీనిని మార్చాలి. నెలకు ఒక రోజును, ఒక వేళను స్థిరపరచుకుని, మొదటి ఇరవై నిమిషాలు సువార్తలోని ఒక చిన్న భాగాన్ని చదివి, కాసేపు మౌనంగా ఉండి, ఆ నెలలో దర్శించిన రోగులను గుర్తుచేసుకుంటూ జపమాలలో ఒక దేవరహస్యాన్ని (పది పూసల ప్రార్థనను) చెప్పుకోండి. మత్తయి సువార్త 25వ అధ్యాయం, యేసుకూ ఆయన శిష్యులకూ తమ సొంత సొమ్ముతో ఉపచారం చేసిన మగ్దల మరియ, యోవాన్న, సూసన్నల గురించి లూకా సువార్త 8వ అధ్యాయం చెప్పే మూడు వచనాలు, విధవరాండ్రకు బట్టలు కుట్టి ఇచ్చిన తబిత వృత్తాంతం ఉన్న అపోస్తలుల కార్యములు 9వ అధ్యాయం ఇందుకు బాగా సరిపోతాయి. ‘ఈ నెల మనం వెళ్ళిన ఏ ఇంట్లో ఈ వాక్యం మీకు గుర్తుకు వచ్చింది?’ అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ప్రసంగం అవసరం లేదు. చదువు రాని సభ్యురాలు చెప్పే జవాబు చాలాసార్లు అందరినీ కదిలిస్తుంది.

మూడవ అడుగు: ఇళ్ళ జాబితా తయారు చేయండి

తొలి క్రైస్తవ సమాజంలోనే రోజువారీ పంపకంలో కొందరు విధవరాండ్రను పట్టించుకోవడం లేదన్న ఫిర్యాదు వచ్చిందని, దాని కోసమే ఏడుగురిని ఎన్నుకున్నారని అపోస్తలుల కార్యములు 6వ అధ్యాయం చెబుతుంది. అంటే, మనకు కనబడనివారు ఎప్పుడూ ఉంటారు. ఆదివారం గుడికి వచ్చేవారి నుంచి మాత్రమే జాబితా తయారు చేస్తే, గుడికి రాలేనివారు అందులో ఉండరు. కాబట్టి వీధుల వారీగా విభజించుకుని, విచారణలో మతబోధ చేసే ఉపదేశిగారినీ, ఆశా కార్యకర్తనూ, వీధి చివర కిరాణా కొట్టు నడిపే ఆమెనూ అడగండి. మంచం పట్టినవారు, డయాలసిస్‌కు వెళ్ళేవారు, పిల్లలు దూర దేశాలలో ఉండి ఒంటరిగా ఉంటున్న వృద్ధులు, భర్తను పోగొట్టుకుని ఇంకా ఫించను రానివారు, ఇలా ఏ ఇంటికి ఏమి అవసరమో పేరు పక్కనే రాయండి. వీరిలో డబ్బున్నవారు కూడా ఉంటారు; అలాంటివారికి కావలసింది బియ్యం కాదు, బ్యాంకుకు తోడు వచ్చే మనిషి.

నాలుగవ అడుగు: వంతులు వేయండి, దర్శన పద్ధతి నేర్చుకోండి

షాటియోన్ నియమావళిలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం ఇదే. వంతు వచ్చిన స్త్రీ ఆ రోజు భోజనం వండి, స్వయంగా తీసుకువెళ్ళాలి. రోగిని ప్రేమగా, ఉల్లాసంగా పలకరించాలి. గుడ్డ పరచి, గిన్నె, చెంచా, రొట్టె అమర్చాలి. రోగి చేతులు కడిగించి, భోజన ప్రార్థన చెప్పాలి. మాంసాన్ని ముక్కలు చేసి ఇచ్చి, బుజ్జగించి తినిపించాలి. నాలుగు శతాబ్దాల కిందట ఒక గురువు కూర్చుని, చెంచా ఎక్కడ పెట్టాలో కూడా రాశారంటే, పేదవారికి పెట్టే అన్నం మన ఇంటి పెద్దలకు వడ్డించినంత మర్యాదగా ఉండాలని ఆయన కోరుకున్నారని నేను అర్థం చేసుకుంటాను. ఆ తరువాత ఆ నియమావళి మరొక మాట చెబుతుంది: తోడు ఉన్న రోగి ఇంటితో మొదలుపెట్టి, ఎవరూ లేని రోగి ఇంటితో ముగించాలి, అప్పుడే ఆ ఒంటరి మనిషి దగ్గర ఎక్కువసేపు కూర్చోవడానికి వీలవుతుంది. మీ వంతుల పట్టిక రాసేటప్పుడు ఇళ్ళ దూరాన్ని బట్టి కాకుండా ఈ క్రమాన్ని బట్టి రాయండి.

మన ఊళ్ళలో దీనిని అమలు చేయడానికి కొన్ని జాగ్రత్తలు అవసరం. యేసు శిష్యులను పంపినట్టే ఇద్దరిద్దరుగా వెళ్ళండి. ఒక పాత సభ్యురాలి వెంట ఒక కొత్త సభ్యురాలిని పంపితే శిక్షణ దానంతట అదే జరుగుతుంది. వండే ముందు డాక్టరు చెప్పిన పథ్యం ఏమిటో అడగండి, ఎందుకంటే కిడ్నీ జబ్బు ఉన్నవారికి ప్రేమతో పెట్టిన ఆవకాయ కూడా హాని చేస్తుంది. ఒకరు వెళ్ళలేకపోతే ముందురోజు సాయంత్రానికే ఎవరికి చెప్పాలో పట్టిక కిందనే రాసి ఉంచండి. రోగి దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) కోరినా, అవస్థ తీవ్రమై అభ్యంగనం (గురువు రోగికి పవిత్ర తైలం పూసి చేసే సంస్కారం) అవసరమైనా, చివరి ఘడియ వరకు ఆగకుండా అదే రోజు ఫాదర్‌గారికి తెలియజేయండి.

ఫోటోలు తీయకండి. పండుగ రోజున వేదిక మీదికి పిలిచి చీర ఇచ్చి ఫోటో తీయించిన మరుసటి సంవత్సరం, ఒక తల్లి అసలు ఆ పండుగకే రాకపోవడం నేను చూశాను. అడిగితే ఒంట్లో బాగోలేదని చెప్పింది. నిజమైన కారణం ఏమిటో మా అందరికీ తెలుసు.

అన్యమతస్థుల ఇంటికి వెళ్ళినప్పుడు కూడా సేవ అదే విధంగా ఉండాలి. ప్రార్థన చేయవచ్చా అని అడగండి, వద్దంటే మనసులో చేసుకోండి. దాతృత్వాన్ని మతంలోకి రప్పించే సాధనంగా వాడరాదని, దేవుని గురించి ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు మౌనంగా ఉండి ప్రేమనే మాట్లాడనివ్వాలో క్రైస్తవులకు తెలిసి ఉండాలని 16వ బెనెడిక్ట్ పోపు 2005లో సంతకం చేసిన తన మొదటి విశ్వలేఖలో (లోకమంతటి విశ్వాసులకు పోపు రాసే లేఖలో) స్పష్టంగా బోధించారు.

ఇళ్ళలో విన్న మాటలు గుడి అరుగు మీదికి రాకూడదు. దీనికి ఒకే ఒక మినహాయింపు ఉంది: స్త్రీని గాని, పిల్లలను గాని, వృద్ధులను గాని ఎవరైనా హింసిస్తున్నారని తెలిస్తే దానిని రహస్యంగా ఉంచకూడదు. స్త్రీల కోసం 181, పిల్లల కోసం 1098, వృద్ధుల కోసం 14567 నంబర్లను ప్రతి సభ్యురాలి పుస్తకంలోనూ రాయించండి.

ఐదవ అడుగు: డబ్బుకు రెండు తాళాలు వేయండి

షాటియోన్ సంఘం డబ్బు పెట్టెకు రెండు వేర్వేరు తాళాలు ఉండేవి. ఒక తాళంచెవి అధ్యక్షురాలి దగ్గర, మరొకటి కోశాధికారి దగ్గర ఉండేది. చిల్లర ఖర్చుల కోసం మాత్రం ఒక చిన్న మొత్తాన్ని కోశాధికారి తన దగ్గర ఉంచుకోవచ్చు. ఈ రోజుల్లో ఇదే పనిని ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా చేస్తుంది. ఒకరి సొంత ఫోన్ నంబరుకు విరాళాలు పంపించుకోవడం ఎంత సులువుగా కనిపించినా దానికి ఒప్పుకోకండి, రేపు నింద వస్తే ఆ నిజాయితీపరురాలికే రక్షణ ఉండదు. డ్వాక్రా సంఘంలో పుస్తకాలు రాసిన సోదరి మీ విచారణలో తప్పకుండా ఉంటుంది. నగదు పుస్తకం, రసీదులు, తీర్మానాల పుస్తకం ఆమెకు అప్పగించండి. నెల లెక్కను సమావేశంలో గట్టిగా చదివి వినిపించండి, అయితే సహాయం పొందినవారి పేర్లు మాత్రం చదవకండి.

ఒక నిర్దిష్టమైన ఉద్దేశంతో ఇచ్చిన కానుకను ఆ ఉద్దేశానికే వాడాలని శ్రీసభ చట్టసంహితలోని 1267వ చట్టం ఆదేశిస్తుంది. మందుల కోసం వచ్చిన డబ్బుతో క్రిస్మస్ చీరలు కొనకూడదన్నమాట. విదేశాలలో ఉన్న మనవారు పంపే డబ్బు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం, భారత పౌరసత్వం ఉంచుకున్న ప్రవాసి తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. మరొక దేశపు పౌరసత్వం తీసుకున్న బంధువు పంపేది వస్తుంది, దానికి ముందస్తు అనుమతి గాని, రిజిస్ట్రేషన్ గాని ఉండాలి. మన పల్లె నుంచి అమెరికా వెళ్ళిన అమ్మాయే కదా అని తీసుకుంటే సంఘం చిక్కులలో పడుతుంది.

ఆరవ అడుగు: నాయకురాలిని సిద్ధం చేయండి

పారిస్‌లో షాటియోన్ సంఘం వంటి సంఘాలు పెరిగినప్పుడు, ఉన్నత కుటుంబాల స్త్రీలలో కొందరు తాము వెళ్ళకుండా పనివారితో భోజనం పంపడం మొదలుపెట్టారు. ఆ లోటును తీర్చినవారిలో మొదట చెప్పుకోవలసిన పేరు మార్గరెట్ నాసో. ఆమె సురేన్ అనే గ్రామంలో ఆవులు కాచుకునే పిల్ల. ఒక అక్షరమాల కొనుక్కుని, దారిన పోయేవారిని అడిగి చదువు నేర్చుకుని, ఇతర ఆడపిల్లలకు నేర్పింది. తరువాత పారిస్‌లో రోగుల సేవకు వచ్చి, ప్లేగు సోకిన ఒక అమ్మాయిని తన పడక మీద పడుకోబెట్టుకుని, తానూ అదే వ్యాధితో 1633లో మరణించింది. ఆ సంవత్సరం నవంబరులో పునీత లూయీస్ డి మరిలాక్ ఆమెవంటి యువతులను చేరదీసి మొదలుపెట్టిన సమాజమే దయామయ పుత్రికలు. లూయీస్ కూడా అంతకుముందు, 1629 నుంచి, ఊరూరా తిరిగి సంఘాల లెక్కలను, దర్శనాలు జరుగుతున్న తీరును పరిశీలించేవారు. అధ్యక్షురాలిని ఎన్నుకునేటప్పుడు ఎవరి ఇంటి పేరు పెద్దదో, ఎవరు మైకులో బాగా మాట్లాడతారో చూడకుండా, వంతు తప్పకుండా వెళ్ళినవారు ఎవరో పట్టిక తీసి చూడండి. ఎన్నికైన తరువాత ఆమె కూడా తన వంతును వదులుకోకూడదు. దర్శనం మానేసిన అధ్యక్షురాలికి సభ్యుల కష్టం రెండు మూడు నెలలలోనే అర్థం కాకుండా పోతుంది.

పదవీకాలం రెండేళ్ళకు మించకుండా నియమం రాసుకోవడం మంచిదని నా అభిప్రాయం. చివరి ఆరు నెలలు తరువాతి అధ్యక్షురాలిని పక్కన ఉంచుకుని పని నేర్పాలి. బాధ్యతలు అప్పగించే రోజున పుస్తకాలు, బ్యాంకు కాగితాలు ఇవ్వడంతో సరిపెట్టకుండా, పాత అధ్యక్షురాలు కొత్త అధ్యక్షురాలిని వెంటబెట్టుకుని జాబితాలోని ప్రతి ఇంటికీ వెళ్ళి, ‘ఇకమీదట ఈ అక్క వస్తుందమ్మా’ అని పరిచయం చేయాలి. ఆ రోజు కూడా తోడు ఉన్నవారి ఇళ్ళతో మొదలుపెట్టి, ఒంటరిగా ఉన్న అవ్వ ఇంటికి చివర వెళ్ళండి, అక్కడ కూర్చోవడానికి సాయంత్రమంతా ఖాళీగా ఉంచుకోండి.