కాచిన నీటికి అమీబా సోకకుండా కాపాడుకోవడం ఎలా?

బంక విరేచనాలని మన ఊళ్లలో పిలిచే జబ్బుకు ఉన్న ముఖ్య కారణాల్లో ఒకటి అమీబా అనే పరాన్నజీవి. అమీబా పేగులో ఉండగానే గట్టి పొరను కప్పుకుని సిస్టుగా మారి, మలంతో బయటపడి, తడి నేలలోనూ నీటిలోనూ వారాల తరబడి బతుకుతుంది. పైపు పగిలిన చోట మురుగుతో కలిసి కొళాయిలోకి వస్తుంది, కడగని చేతితో బిందెలోకి దిగుతుంది. దీన్ని పేగుల్లో మోస్తున్న పదిమందిలో తొమ్మిదిమందికి ఏ బాధా ఉండదు కాబట్టి, మా ఇంట్లో ఎవరికీ విరేచనాలు లేవన్న ధీమా ఎవరినీ కాపాడదు. ఇరవై ఏళ్లుగా వాడవాడకూ తిరిగి ఈ పని నేర్పుతున్న నాకు తెలిసినంతలో, నీళ్లు కాచడం అందరికీ వచ్చు. కాచిన నీళ్లను కాపాడటమే కొద్దిమందికి వచ్చు.

కావలసినవి

మూత సరిగ్గా కూర్చునే స్టీలు గిన్నె, కింద కొళాయి ఉన్న స్టీలు డ్రమ్ము, ఉతికి ఎండలో ఆరేసిన నూలు గుడ్డ, సబ్బు ఉంటే చాలు. ప్లాస్టిక్ డ్రమ్ము కొనకండి, లోపల గీతలు పడి జిగట పేరుకుంటుంది, ఎంత తోమినా పోదు. మట్టి కుండ లేకపోతే వేసవి గడవదనే వారు కొళాయి అమర్చిన కుండనే తెచ్చుకోవాలి.

వడపోత

నీళ్లు మడ్డిగా ఉంటే కాసేపు తేరనిచ్చి, గుడ్డను నాలుగు మడతలు వేసి వడకట్టాలి. ఇది మట్టి కోసమే తప్ప అమీబా కోసం కాదు. సిస్టు పరిమాణం మిల్లీమీటరులో వందో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది కనుక, ఏ నూలు గుడ్డ నుంచైనా సులువుగా జారిపోతుంది.

గుడ్డ మీద మన పెద్దవాళ్లకున్న నమ్మకం ఊరికే రాలేదు. కాలి నుంచి దారంలాంటి పురుగు బయటికొచ్చే నారికురుపు ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ సహా అనేక రాష్ట్రాలను పీడించింది. దానికి మందూ లేదు, టీకా కూడా లేదు. ఆ పురుగు పిల్లలను మోసే నీటి జీవి కంటికి ఆనేంత పెద్దది కాబట్టి గుడ్డలో చిక్కేది. గుడ్డతో వడకట్టి తాగడం, కాలితో దిగి నీళ్లు ముంచుకునే దిగుడు బావులను మాన్పించి చేతి పంపులు వేయించడం వంటి పనులతోనే ఆ జబ్బు పోయింది. దేశంలో చివరి రోగి 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో కనిపించారు, 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని నారికురుపు లేని దేశంగా గుర్తించింది. ఊరంతా ఒక అలవాటు పట్టుకుంటే ఏం జరుగుతుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు. అయితే అప్పటి శత్రువు గుడ్డకు చిక్కింది, ఇప్పటి శత్రువు చిక్కదు.

కాచడం

వడకట్టిన నీళ్లను మూతపెట్టి పొయ్యి మీద ఉంచి, గిన్నె అంతటా సలసల తెర్లేదాకా కాచాలి. అంచుల్లో చిన్న బుడగలు రాగానే దింపేయడం కాచినట్టు కాదు. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు. 2,000 మీటర్లు దాటిన ఎత్తులో అయితే మూడు నిమిషాలు కావాలంటారు గానీ, మన రెండు రాష్ట్రాల్లో అంత ఎత్తయిన కొండే లేదు. నేను మాత్రం ఎక్కడున్నా మూడు నిమిషాలు లెక్కపెట్టే దింపుతాను, మీరూ అలాగే చేయండి. కాచడం సాయంత్రమే జరగాలి. పొద్దున కాచిన నీళ్లు చల్లారేలోగా ఇంట్లో ఎవరో ఒకరు పచ్చినీళ్లు తాగేస్తారు.

కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంది కదా, ఈ శ్రమ ఎందుకని ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. కొళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. ఆ మోతాదు కలరా క్రిములకు సరిపోతుంది, అమీబా సిస్టుకు సరిపోదు. క్లోరిన్ కలపడం మానకూడదు, దాన్నే నమ్ముకుని కాచడమూ మానకూడదు. క్యాను నీళ్లు తెచ్చుకునే వారికీ ఇదే చెబుతాను. ప్లాంటులో ఎంత బాగా శుద్ధి చేసినా, క్యాను నోట్లో చెయ్యి పెట్టి కడిగినవారి చేతులు ఎలా ఉన్నాయో మనకు తెలియదు.

చల్లార్చి నిలవ చేయడం

ఇక్కడే నూటికి తొంభై ఇళ్లలో పని చెడుతుందని నా అనుభవం. కాబట్టి ఈ భాగాన్ని నిదానంగా చదవండి.

కాచిన నీళ్లు కాచిన గిన్నెలోనే, మూత తీయకుండా చల్లారాలి. త్వరగా చల్లారాలని ఒక గిన్నెలోంచి మరో గిన్నెలోకి తిరగబోయడం, మూత తీసి ఫ్యాను కింద పెట్టడం, చల్లారాయో లేదో చూడటానికి వేలు ముంచడం పూర్తిగా మానాలి. వేలు ముంచిన నీళ్లను మళ్లీ కాచాల్సిందే. ఇంత కఠినం ఎందుకని అడిగిన వారికి నేను చెప్పేది, సిస్టు ముందుగా చేరేది గోళ్ల సందుల్లోకేనని.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు చన్నీళ్లు కలపడం. పొగలు కక్కే నీళ్లను తాగలేక, సగం గ్లాసు కొళాయి నీళ్లు కలిపి గోరువెచ్చగా చేసి పిల్లలకు తాగించే తల్లులను ఎందరినో చూశాను. వాళ్లు గంటసేపు పడిన శ్రమ ఆ సగం గ్లాసుతో వృథా అవుతుంది. మజ్జిగ విషయంలోనూ ఇదే జరుగుతుంది. పాలు కాచి తోడుపెట్టిన పెరుగులో పచ్చినీళ్లు పోసి చిలికితే ఆ మజ్జిగ పచ్చినీళ్లతో సమానం. పచ్చడి పలుచన చేయడానికి పోసే నీళ్లు, నిమ్మరసంలో వేసే ఐసు, ఓఆర్‌ఎస్ పొట్లం కలిపే లీటరు నీళ్లు, శ్రీరామనవమి పందిట్లో పానకానికి వాడే నీళ్లు, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. నోట్లోకి వెళ్లే ప్రతి చుక్కా కాచినదే కావాలి.

నీళ్లు చల్లారాక, అంతకుముందే సబ్బుతో తోమి, తెర్లే నీళ్లు పోసి తొలిచిన డ్రమ్ములోకి గిన్నె వంచి పోయాలి. గ్లాసుతో ముంచి పోయకూడదు. పోసిన వెంటనే మూత బిగించాలి. ఆ మూత మళ్లీ తెరిచేది మర్నాడు డ్రమ్ము ఖాళీ అయ్యాకే, నీళ్లు పట్టుకునేది కొళాయి నుంచే. పొడవు కాడ గరిటె పెట్టుకుంటే చాలు కదా అంటారు. నేను ఒప్పుకోను. గరిటె కాడను పట్టుకున్న చెయ్యి రెండో రోజుకే కిందికి జారుతుంది, మూడో రోజుకు గరిటె బల్ల మీద పడి ఉంటుంది, నాలుగో రోజుకు ఎవరో గ్లాసే ముంచుతారు. కొళాయికి అలాంటి మతిమరుపు ఉండదు. అయితే కొళాయి మూతిని రోజూ సబ్బుతో రుద్దాలి. పిల్లలు దానికి నోరు పెట్టి తాగకుండా డ్రమ్మును వాళ్లకు అందని ఎత్తులో పెట్టాలి.

నిన్నటి నీళ్లు మిగిలితే కొత్త నీళ్లలో కలపకండి. అంట్లు కడగడానికి వాడండి.

చేతులు, ఆకుకూరలు

మరుగుదొడ్డి నుంచి వచ్చాక, వంటకు ముందు, పసిపిల్లలకు కడిగాక సబ్బుతో ఇరవై లెక్కపెట్టేదాకా గోళ్ల సందులతో సహా రుద్దాలి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా ఆకులను ఒక్కొక్కటిగా పారే నీళ్లలో కడిగి, చివర కాచిన నీళ్లతో తొలవాలి.

ఇంట్లో ఎవరికైనా సోకితే

మలంలో రక్తం, బంక కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లి మల పరీక్ష చేయించాలి. మెట్రోనిడజోల్ వంటి మందు పేగు గోడల్లోని అమీబాను చంపుతుంది. పేగులోపల మిగిలిన సిస్టులు పోవడానికి డైలోక్సనైడ్ వంటి రెండో మందు కావాలి. బాధ తగ్గగానే మందు ఆపేసి, రెండో మందు సంగతి అడగని వ్యక్తి వాడ మొత్తానికి సిస్టులు పంచుతూ ఉంటాడు. జ్వరంతో పాటు కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే అమీబా కాలేయానికి చేరి ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

చలివేంద్రం పెట్టేటప్పుడు

ఎండాకాలంలో దాహంతో వచ్చిన బాటసారికి నీళ్లివ్వడం గొప్ప పని. అందుకే ఆ నీళ్ల విషయంలో ఇంటికన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి. కుండ పక్కన గొలుసుకు కట్టిన గ్లాసును వందమంది ముంచుకుంటే, ఆ వందమంది చేతులూ అందులో కడిగినట్టే అవుతుంది. ముందురోజు రాత్రి గుండిగల్లో నీళ్లు తెర్లించి, అందులోనే మూతపెట్టి చల్లార్చి, తెల్లవారాక కొళాయి ఉన్న పాత్రల్లో నింపండి. నీళ్లు పట్టి ఇవ్వడానికి ఒకరిని కూర్చోబెట్టి, వారికి సబ్బూ చేతులు కడుక్కునే నీళ్లూ విడిగా ఉంచండి. తాగేవారు పాత్రను తాకకూడదు. గ్లాసులు చాలకపోతే దోసిట్లో పోయండి, మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే అది. సాయంత్రం మిగిలిన నీళ్లను చెట్లకు పోసి, పాత్రలు తోమి, తెర్లే నీళ్లతో తొలిచి, మర్నాటి దాకా బోర్లించి ఆరనివ్వండి.