మోడిఫికేషన్ తర్వాత ఇంజిన్ మొరాయిస్తోందా? బ్యాటరీ వైరు పీకేముందు ఇది చదవండి

ఇంజిన్‌కు గాలి అందించే ఇన్‌టేక్ కొత్తది వేశారు, ఎగ్జాస్ట్ మార్చారు. మొదట్లో బండి దూసుకెళ్లింది. తర్వాత ఐడిల్‌లో వణుకు, పికప్‌లో తడబాటు, చివరికి చెక్ ఇంజిన్ లైటు. ఇక్కడ చాలామంది చేసే మొదటి పని బ్యాటరీ వైరు తీసి ఈసీయూని, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌ని, రీసెట్ చేయడం. దయచేసి ఆగండి. తప్పు ఎక్కడుందో చెప్పే లెక్కలు ఆ మెమరీలోనే ఉన్నాయి. చాలా కార్లలో రీసెట్‌తో అవన్నీ చెరిగిపోతాయి.

ఆ లెక్కల పేరు ఫ్యూయల్ ట్రిమ్. పెట్రోల్ పూర్తిగా మండాలంటే ఒక పాలు ఇంధనానికి బరువులో దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలి. ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ ఇంధనాన్ని క్షణక్షణం సరిదిద్దుతుంది. అది షార్ట్ టర్మ్ ట్రిమ్. అదే సవరణ పదేపదే అవసరమైతే లాంగ్ టర్మ్ ట్రిమ్‌గా దాచుకుంటుంది. కారు డయాగ్నస్టిక్ పోర్టుకు తగిలించే ఓబీడీ స్కానర్ పెడితే రెండూ కనిపిస్తాయి. ప్లస్ అంటే ఈసీయూ ఇంధనం కలుపుతోందని, మైనస్ అంటే తగ్గిస్తోందని. రెండూ కలిపి ప్లస్ లేదా మైనస్ 5 శాతం లోపుంటే నిశ్చింత. 10 దాటితే కారణం వెతకాలి. చాలా కార్లలో 25 దగ్గరకొస్తే లైటు వెలుగుతుంది: ప్లస్ వైపైతే P0171 కోడ్ (లీన్, అంటే గాలికి తగ్గ ఇంధనం లేదు), మైనస్ వైపైతే P0172 (రిచ్, అంటే ఇంధనం ఎక్కువ).

ఐడిల్‌లో వణుకు, లీన్ కోడ్

ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ట్రిమ్ చూడండి, తర్వాత 2500 ఆర్‌పీఎమ్ దగ్గర పట్టి ఉంచి మళ్లీ చూడండి. ఐడిల్‌లో బాగా ప్లస్ ఉండి, వేగం పెంచగానే మామూలుకు వస్తే, లోపలికొచ్చే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ దాటాక ఎక్కడో లెక్కలోకి రాని గాలి దూరుతోంది. ఇన్‌టేక్ బిగించినప్పుడు వదులుగా మిగిలిన క్లాంపు, తిరిగి తొడగని సన్నటి వాక్యూమ్ గొట్టం ముందు చూడండి. దొరక్కపోతే స్మోక్ టెస్ట్ (గొట్టాల్లోకి పొగ పంపి లీక్ పట్టడం) చేయించండి. మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ లేకుండా ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోని ఒత్తిడిని బట్టి గాలిని లెక్కగట్టే బండ్లలో ఈ గుర్తు సరిగా పనిచేయదు. వాటిలో ట్రిమ్ పెద్దగా కదలకపోయినా ఐడిల్ వేగం పెరుగుతుంది.

దీనికి భిన్నంగా, లోడ్ పెరిగేకొద్దీ ప్లస్ పెరుగుతుంటే సెన్సర్ గాలిని తక్కువగా చూపిస్తోందనో, ఫ్యూయల్ పంపు చాలడం లేదనో అర్థం. ఆయిల్ పూసే ఫిల్టర్ వేసుంటే ఆ ఆయిలే సెన్సర్‌లోని వేడి తీగకు అంటి ఉండొచ్చు. దానికోసమే అమ్మే క్లీనర్ స్ప్రే కొట్టండి, తీగను చేత్తో గానీ బట్టతో గానీ ముట్టుకోవద్దు.

అసలు చిక్కు సెన్సర్ కూర్చునే గొట్టం వెడల్పుతో వస్తుంది. ఈసీయూలోని పట్టిక పాత గొట్టం కొలతకు రాసింది. గొట్టం వెడల్పైతే అంతే గాలి నెమ్మదిగా పారుతుంది, సెన్సర్ తక్కువ చెబుతుంది, ఇంధనం తక్కువ పడుతుంది. మామూలు డ్రైవింగ్‌లో ట్రిమ్ దీన్ని సర్దేస్తుంది కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు చాలా ఈసీయూలు ఆక్సిజన్ సెన్సర్ సవరణను పక్కనపెట్టి పట్టికనే నమ్ముతాయి. నేర్చుకున్న లాంగ్ టర్మ్ సవరణను అక్కడికి తీసుకెళ్లేవి కొన్నే. ఫుల్ లోడ్‌లో లీన్‌గా మండితే పిస్టన్లకే ప్రమాదం. అందుకే "ఈసీయూ అదే నేర్చుకుంటుందిలే" అనే సలహాను ఈ విషయంలో నేను అస్సలు ఒప్పుకోను. పాత కొలత గొట్టమైనా పెట్టాలి, కొత్తదానికి మ్యాప్‌లో (ఈసీయూలోని సెట్టింగుల్లో) పట్టికైనా మార్పించాలి. పెద్ద ఇంజెక్టర్లదీ ఇదే కథ: వాటి ఫ్లో, తెరుచుకునే ఆలస్యం మ్యాప్‌లో రాయాల్సిందే.

ఎగ్జాస్ట్ మార్చాక పెట్రోల్ వాసన, మైలేజీ తగ్గడం

ఇంజిన్ వైపున్న మొదటి ఆక్సిజన్ సెన్సర్ దగ్గర, లేదా దానికన్నా ముందు, గ్యాస్కెట్ లీకైతే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్ దాన్ని లీన్ అనుకుంటుంది, ఈసీయూ ఇంధనం పెంచుతుంది. ట్రిమ్ ప్లస్ చూపిస్తున్నా ఇంజిన్ నిజానికి రిచ్‌గా నడుస్తోంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి టిక్ టిక్ శబ్దం వినండి, గ్యాస్కెట్ మార్చండి. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేశాక వచ్చే P0420 కోడ్‌ని మాత్రం ఈసీయూ నేర్చుకునే ఏ సవరణా పోగొట్టదు, మంచి కన్వర్టర్ తిరిగి పెట్టడమే దారి.

రీసెట్ చేస్తే పికప్ వస్తుంది, మళ్లీ పోతుంది

నాక్ సెన్సర్ నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి మండే చప్పుడు) వినగానే ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి తగ్గిస్తుంది. చాలా ఈసీయూలు ఆ తగ్గింపును గుర్తుపెట్టుకుంటాయి. రీసెట్‌తో పాత టైమింగ్ వస్తుంది, హుషారుగా అనిపిస్తుంది, నాకింగ్ మళ్లీ మొదలవుతుంది. అంటే ప్రతి రీసెట్‌తో ఇంజిన్ మళ్లీ దెబ్బలు తింటోంది. స్కానర్‌లో టైమింగ్ రిటార్డ్ (ఆ తగ్గింపు), ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత చూడండి. ఇంజిన్ బే వేడిని పీలుస్తున్న ఫిల్టర్‌కు హీట్ షీల్డ్ పెట్టండి, మ్యాప్ కోరే ఆక్టేన్ ఇంధనమే పోయండి.

టర్బో బండిలో బూస్ట్ పెరిగినా పవర్ రాదు

టార్క్ లెక్కతో నడిచే ఈసీయూ, అనుకున్నదానికన్నా ఎక్కువ గాలి వస్తే గాలి దారిలోని థ్రాటిల్‌ను కొంత మూసేస్తుంది. దీనికి రీమ్యాపే, అంటే ఈసీయూ మ్యాప్‌ను తిరగరాయించడమే, మందు.

లోపం సరిచేశాక ఇప్పుడు స్కానర్‌తో మెమరీ క్లియర్ చేయండి. ఇంజిన్ వేడెక్కేదాకా ఐడిల్‌లో ఉంచి, ఊళ్లోనూ హైవే మీదా రకరకాల వేగాల్లో నడపండి, ట్రిమ్ కుదురుకున్నాక మళ్లీ చదవండి. లాంగ్ టర్మ్ ఇంకా 10 పైనే నిలిస్తే లోపం ఇంకోటి ఉన్నట్టే, వెతుకులాట క్లాంపుల నుంచే మళ్లీ మొదలుపెట్టండి.