పేడా డబ్బా తిరగేసి చూడండి

మా పాపకు సీలియాక్ ఉంది, అంటే గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు. గోధుమ పడదంటే చుట్టాలకు చపాతీ, పూరీ మాత్రమే గుర్తుకొస్తాయి. వాళ్లనెందుకు అనాల, పోయిన దసరాకు మా ఆడబిడ్డ తెచ్చిన పేడా పాలదే కదా అని నేనే పాప చేతిలో పెట్టినాను. రెండు రోజులు కడుపునొప్పితో ముడుచుకొని పడుకుంది. అప్పుడు డబ్బా తిరగేస్తే పదార్థాల్లో చివరి పేరు మైదా.

పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. మిగతావాళ్లకు చివరి పేరుతో పనిలేదు, మనకు దానితోనే పని. మైదాను ‘రిఫైన్డ్ వీట్ ఫ్లోర్’ అని, రవ్వను ‘సూజీ’ అనో ‘సెమోలినా’ అనో రాస్తారు. చాక్లెట్లలో కనిపించే ‘మాల్ట్’ బార్లీ నుంచి వచ్చేది, వద్దు. మాల్టోడెక్స్‌ట్రిన్ చూసి నేనూ మొదట్లో బెదిరినాను. పేరులో పోలికే గానీ అది ఆ మాల్ట్ కాదు, ఎక్కువగా మొక్కజొన్న స్టార్చ్‌తో చేస్తారు. ఏ గింజదో చెప్పకుండా ‘స్టార్చ్’ అని మాత్రమే ఉంటే నేను కొనను.

ఆ కిందనే అలర్జీల వరుస ఉంటుంది. ‘కంటెయిన్స్ వీట్’ అనో ‘గ్లూటెన్’ అనో ఉంటే ఇంక చదివేది లేదు. ‘మే కంటెయిన్’ అంటే అదే మిషన్లో, అదే షెడ్డులో గోధుమ సరుకూ నడుస్తుందని. అదీ మా ఇంటికి రాదు. ‘గ్లూటెన్ ఫ్రీ’ అని వేయాలంటే మాత్రం ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్కన గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు.

డబ్బా ముందు వైపు రాతలు నమ్మొద్దండి. ‘మైదా లేదు’ అంటే చాలాసార్లు గోధుమపిండి ఉందనే అర్థం! రాగి బిస్కెట్లలోనూ చాలావాటిలో రాగుల కంటే గోధుమే ముందుంటుంది. పచ్చచుక్క శాకాహారానికి గుర్తు, అంతే.

కాజాలు, బాదుషా, జిలేబీ, ఓలిగలు ఎట్లాగూ ముట్టం. మోసపోయేది రసగుల్లా, సోన్‌పాపిడి లాంటి వాటి దగ్గర. సోన్‌పాపిడిలో శనగపిండితో పాటు మైదా ఉంటుంది. రసగుల్లాలో పాలవిరుగుడు విడిపోకుండా కొందరు రవ్వో మైదానో కలుపుతారు. స్వీటు పక్కన మిక్చరు ప్యాకెట్ ఉంటే ఇంగువ చూడండి, పిండి, జిగురు కలిపి చేసే కూటు ఇంగువలో గోధుమపిండి కలిసే రకాలే ఎక్కువ.

కోవా మీద అయోడిన్ చుక్క వేసి చూడమని మా తమ్ముడు సలహా ఇచ్చినాడు. ఏ పిండి ఉన్నా అది నీలంగా మారుతుంది, బియ్యప్పిండో గోధుమపిండో చెప్పలేదు. మన పనికి రాదు.

రకరకాల స్వీట్లు పేర్చిన పండగ డబ్బాలైతే నేను చదవను కూడా. బాదుషా పొడి కోవా మీద రాలి ఉంటుంది.

మా ఆడబిడ్డ ఇప్పుడు అనంతపురం వస్తే పాపకు వేరుగా శనక్కాయల చిక్కీ ప్యాకెట్ తెస్తుంది. పదార్థాల మీదే ధర స్టిక్కర్ అతికించి ఉంటే అంగడాయన ముందే గోరుతో గీకి చదువుతుందంట.