పిచ్చుకల గింజలు పావురాల పాలు కాకుండా

కిటికీలో పళ్ళెంతో గింజలు పెడితే పిచ్చుకలకంటే ముందు పావురాలు దిగుతాయి. సగం తిని, మిగతా సగం కింది ఫ్లాట్ వాళ్ళ బట్టల మీద పోస్తాయి. మాటలు పడేది మనం.

ఒక లీటరు నీళ్ళ బాటిల్, చిన్న చెక్క గరిటె ఒకటి చాలు. బాటిల్ అడుగు నుంచి నాలుగు వేళ్ళ ఎత్తులో, ఎదురెదురుగా కాల్చిన మేకుతో రెండు కన్నాలు పెట్టి గరిటెను అడ్డంగా దూర్చండి. గరిటె గుంట బయటికి ఉన్నవైపు కన్నం మాత్రం కాస్త పెద్దది, సుమారు ఒక సెంటీమీటరు ఉండాలి. గింజలు అందులోంచే గుంటలోకి జారతాయి. నీళ్ళు నిలవకుండా అడుగున సూదితో మూడు నాలుగు బెజ్జాలు పెట్టి, కన్నాలకు బాగా పైదాకా సజ్జలో కొర్రలో పోసి, మూత బిగించి, కిటికీ గ్రిల్‌కు తీగతో కట్టేయండి. గరిటె మీద పావురానికి కాలు నిలవదు. నూకలు వద్దు, కన్నంలో ఇరుక్కుంటాయి.

మొదటి వారం ఏ పిట్టా రాకపోవచ్చు, తీసేయకండి. వానాకాలంలో మాత్రం ఇది సరిగ్గా పనిచేయదు. జల్లు తగిలితే గింజలు ముద్దకట్టి బూజు పడతాయి. అలాంటివి పారేసి, బాటిల్ కడిగి ఎండబెట్టాకే మళ్ళీ నింపండి.