సాహిత్యం, రచన చెప్పే పార్ట్‌టైమ్ లెక్చరర్లకు – 4వ పాఠం: పన్నెండు నిమిషాల్లో ఒక పేపరు

పోయిన పాఠంలో వ్యాసానికి ప్రశ్న ఎలా తయారుచెయ్యాలో చూశాం. ఈపాటికి పేపర్లు వచ్చి మీ బల్ల మీద కూర్చుని ఉంటాయి. వాటిని ముట్టుకునే ముందు ఒక చిన్న లెక్క.

సెక్షన్‌లో 25 మంది ఉన్నారనుకోండి. సెమిస్టర్‌కి నాలుగు పేపర్లు. ఒక్కోదానికి 20 నిమిషాలు పెట్టినా మొత్తం 2,000 నిమిషాలు, అంటే 33 గంటలు దాటుతుంది. రెండు సెక్షన్లు చెబుతుంటే అది 66కి పోతుంది. అడ్జంక్ట్‌గా, అంటే మనలా పార్ట్‌టైమ్‌గా చేసేవాళ్లకు సాధారణంగా కోర్సుకింత అని ఇస్తారు, దిద్దిన గంటలకు విడిగా ఏమీ రాదు. కూర్చోడానికి సొంత గది కూడా ఉండదు చాలాసార్లు. ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి వెళ్తూ బస్సులో ఒళ్లో పెట్టుకుని దిద్దినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

కాబట్టి పేపరుకి పన్నెండు నిమిషాలే. 25 పేపర్లు ఐదు గంటల్లో అయిపోవాలి. ఇది పిల్లలకు అన్యాయం కాదా అని మీకు అనిపిస్తుందని తెలుసు. నాకూ అనిపించేది. మొదటి సెమిస్టర్‌లో ఒక్కో పేపరు మీద నలభై నిమిషాలు కూర్చుని, ప్రతి వాక్యం కిందా ఎర్ర పెన్నుతో గీతలు గీసి, మార్జిన్లు నింపేసి ఇచ్చాను. చాలామంది చివరి పేజీ తిప్పి మార్కు చూసుకుని బ్యాగులో పెట్టేసుకున్నారు. ఒకమ్మాయి మాత్రం క్లాసయ్యాక ఆగింది. "మేడమ్, ఇన్ని దిద్దారు కదా, అసలు ఇది బాగుందా, బాలేదా?" అంది. నా దగ్గర జవాబు లేదు. తప్పులు వెతికే హడావుడిలో ఆ అమ్మాయి ఏం చెప్పాలనుకుందో నేను చదవనేలేదు.

ఇది నా ఒక్కదాని జబ్బేమీ కాదు. అమెరికాలో నాన్సీ సోమర్స్ అనే ఆవిడ, ఇంకో ఇద్దరితో కలిసి, 35 మంది అధ్యాపకులు విద్యార్థుల పేపర్ల మీద రాసిన వ్యాఖ్యల్ని పరిశీలించి 1982లో ఒక వ్యాసం రాశారు. అందులో రెండు విషయాలు నాకు గట్టిగా తగిలాయి. మొదటిది, అధ్యాపకులు ఒకే పేరాలో ఒకపక్క కామాలు సరిచెయ్యమంటారు, ఇంకోపక్క ఆ పేరానే మార్చి పెంచమంటారు. తీసేయబోయే వాక్యానికి కామా ఎందుకు? రెండోది, చాలా వ్యాఖ్యలు రబ్బరు స్టాంపుల్లాంటివి. ఈ పేపరు మీంచి తీసి ఆ పేపరు మీద అతికించినా తేడా తెలీదు.

ఇప్పుడు ఒక పేరా చూద్దాం. నేను అల్లినదే, కానీ ఇలాంటిది మీ కట్టలో తప్పకుండా ఉంటుంది:

"ఈ కథలో తండ్రి పాత్ర చాలా గొప్పది. రచయిత ఆ పాత్రను ఎంతో చక్కగా తీర్చిదిద్దారు. కొడుకు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిన రోజు తండ్రి దాన్ని చదవకుండా జేబులో పెట్టుకుని పనికి వెళ్లిపోతాడు. దీన్నిబట్టి ఆయనకు కొడుకంటే ఎంత ప్రేమో తెలుస్తుంది. నేటి సమాజానికి ఇలాంటి కథలు ఎంతో అవసరం."

ఒకటి, రెండు, ఐదు వాక్యాలను ఏ కథ గురించైనా రాసెయ్యొచ్చు. అవి పరీక్షల అలవాటు కొద్దీ చెయ్యి తనంతట తాను రాసేసినవి. వాటితో పోట్లాడకండి. మూడో వాక్యం దగ్గర ఆగండి. అది ఈ కథలోంచి తప్ప ఇంకెక్కణ్నుంచీ రాదు, ఆ పిల్లవాడు కథ చదివాడనడానికి సాక్ష్యం అదే. నాలుగో వాక్యంలో అతను ఒక్క దూకు దూకాడు. ఉత్తరం చదవకపోవడం ప్రేమ ఎలా అయింది? మనకు పని ఉన్నది సరిగ్గా ఈ రెండు వాక్యాల మధ్య.

"విశ్లేషణ లోతుగా లేదు" అని రాస్తే పిల్లవాడికి ఏం చెయ్యాలో అర్థం కాదు. లోతు ఎక్కడుందో తెలిస్తే అతనే దిగేవాడు కదా. నేనైతే ఇలా రాస్తాను:

"ఉత్తరం చదవకుండా జేబులో పెట్టుకోవడం దగ్గర నేనూ ఆగాను. నీకది ప్రేమలా కనిపించింది. భయం ఎందుకు కాకూడదు? కోపం ఎందుకు కాకూడదు? ప్రేమే అని నీకు అనిపించడానికి కథలో ఇంకో చోటేదైనా ఉందా? తిరగరాసేటప్పుడు ఈ ఉత్తరంతోనే మొదలుపెట్టి చూడు."

అంతే. పేపరు మొత్తానికి ఇదొక్కటే వ్యాఖ్య. ఇలాంటివి రెండు రాయాలనిపిస్తే రెండోది మింగెయ్యండి.

పన్నెండు నిమిషాలు ఎలా సర్దుకోవాలంటే, మొదటి నాలుగూ పెన్ను పక్కన పెట్టి ఊరికే చదవండి. పెన్ను చేతిలో ఉంటే కళ్లు తప్పుల మీదకే పోతాయి, ఇది నేను ఎంత చెప్పినా మీరు నమ్మరు, చేసి చూడండి. తర్వాత రెండు నిమిషాలు ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకోడానికి, నాలుగు నిమిషాలు వ్యాఖ్య రాయడానికి. మిగిలిన రెండూ భాషా దోషాలకు.

దోషాల్ని మీరు సరిచెయ్యొద్దు. తప్పున్న వరుస పక్కన మార్జిన్‌లో చిన్న టిక్కు పెట్టి వదిలెయ్యండి, ఆ తప్పేమిటో చెప్పకండి. ఈ పద్ధతిని 1983లో రిచర్డ్ హాస్వెల్ అనే అధ్యాపకుడు రాశారు. టిక్కులున్న వరుసల్లో తప్పుల్ని సగానికి పైగా ఆయన విద్యార్థులే వెతికి సరిచేసుకున్నారు. అంటే అవి తెలియక చేసినవి కావు, చూసుకోక చేసినవి. మిగిలినవాటినే క్లాసులో బోర్డు మీద చెప్పండి.

పేపరు యంత్రంతో రాయించిందేమో అన్న అనుమానం వస్తే? దానికి ఆరో పాఠం దాకా ఆగాలి, రెండు ముక్కల్లో తేలేది కాదు.

ఈ వారం పని: మీ కట్టలోంచి ఏవో మూడు పేపర్లు తీసి, టైమర్ పెట్టుకుని, పైన చెప్పినట్టు వ్యాఖ్యలు రాయండి. పేపరు మీద కాదు, విడి కాగితాల మీద. తర్వాత ఆ కాగితాల్ని తారుమారు చేసి, మొదటి పేపరు వ్యాఖ్యను మూడోదాని పక్కన పెట్టి చదవండి. అక్కడా సరిపోతోందంటే అది స్టాంపే, కొట్టేసి మళ్లీ రాయండి. మొదట్లో పన్నెండు కాదు, పద్దెనిమిది నిమిషాలు పడుతుంది. నాకూ అంతే పట్టింది.

మార్కును మీ రిజిస్టర్‌లో రాసుకోండి, పేపరు మీద వెయ్యకండి. "మార్కెంత మేడమ్?" అని అడుగుతారు. తిరగరాసిన ప్రతి ఇచ్చాక చెబుతాననండి. వచ్చే పాఠానికి ఆ మూడు పేపర్ల పాత ప్రతి, కొత్త ప్రతి, రెండూ మీ ముందు ఉండాలి. పాత ప్రతుల్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, పిల్లలు వాటిని పారేస్తారు.